హిజ్కియా సొరంగమును గూర్చి ముగ్గురిని అడిగాము

ఈ నెల వ్యాసము ఒక ఉత్తరము వలన పుట్టింది.

గడచిన శ్రమదినములలో ఆ ఉత్తరము మా కార్యాలయమునకు వచ్చింది. వ్రాసిన అబ్బాయి పల్నాడులోని మన సంఘపు బిడ్డ. హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్నాడు. చిన్నప్పుడు సండే స్కూలులో ఈ పత్రికలోని వ్యాసమొకటి వాళ్ళ టీచరమ్మ చదివి వినిపించారట. ఎర్రసముద్రము అడుగున ఫరో రథచక్రములు దొరికినవని అందులో ఉంది. అబ్బాయి దానిని మనస్సులో పెట్టుకున్నాడు. హాస్టలులో స్నేహితులతో మాటకు మాట పెరిగినప్పుడు ఆ చక్రముల సంగతే చెప్పాడు. “అవి ఏ మ్యూజియములో ఉన్నాయో చూపించు” అన్నారు వాళ్ళు. ఆ రాత్రంతా సెల్ ఫోనులో వెదికాడు. ఎక్కడా లేవు. అందరిముందు తల వంచుకోవలసి వచ్చిందని వ్రాశాడు. చివర రెండు ప్రశ్నలు వేశాడు. ఆ చక్రములు ఎక్కడ ఉన్నాయి? అవి లేకపోతే మీరు వ్రాసిన తక్కినవి మేమెందుకు నమ్మాలి?

మేము పాత సంచికలు తీసి చూచుకున్నాము. వ్యాసము వేసినమాట నిజమే. ఎవరో పంచిన కరపత్రము చూచి దించాము. ఆ చక్రములు ఏ ప్రదర్శనశాలలోను లేవు, త్రవ్వకములు జరిపే శాస్త్రజ్ఞుల నివేదికలలోను లేవు. తప్పు మాదే.

పాతదానిని ఎందుకు కెలకడమని మాలో కొందరన్నారు. సంఘములలో అలజడి రేగుతుందని వారి భయము. అయితే ఆ ఉత్తరము బల్లమీదనుండి కదలలేదు. చివరకు ఒక నిర్ణయానికి వచ్చాము. పాత నిబంధనలో నేల నిజముగా సాక్ష్యమిచ్చిన చోటు ఒకటి ఎన్నుకొని, ఈసారి కరపత్రమును గాక తెలిసినవారిని, వారి ఇండ్లకు వెళ్ళి అడగాలనుకున్నాము. మా మనస్సులో ఇంకొకటి కూడ ఉంది. మన కుటుంబ ప్రార్థనలలో రాజుల గ్రంథములు వచ్చేసరికి పిల్లలు ఆవులిస్తారు, పెద్దలు అధ్యాయాలు దాటవేస్తారు. ఆ పేర్లు నోరు తిరగవు, ఆ యుద్ధములు మనవి కావు అనిపిస్తుంది. కాబట్టి అక్కడినుండే ఒకే వచనము తీసుకున్నాము. రెండవ రాజుల గ్రంథము 20వ అధ్యాయము 20వ వచనము. హిజ్కియా కొలను త్రవ్వించి, కాలువ వేయించి, పట్టణములోనికి నీళ్ళు రప్పించినాడని ఆ వచనము చెబుతుంది. అంతకు మించి అక్కడ ఏమీ లేదు.

మొదట వెళ్ళినది ఒక అయ్యగారి ఇంటికి. వేదాంత కళాశాలలో ముప్పది ఏండ్లు పాత నిబంధన బోధించి ఇప్పుడు విశ్రాంతిలో ఉన్నారు. పేరు వేయవద్దన్నారు. అమ్మగారు మజ్జిగ తెచ్చిపెట్టారు. మేము నోటుబుక్కు తీయకముందే ఆయన అడిగారు.

“ఏమి ఋజువు చేయాలని వచ్చారు?”

“బైబిలు నిజమని, అయ్యగారూ.”

“ముందు ఆ ప్రశ్న పక్కనపెట్టండి. అక్కడ ఏమి జరిగిందని అడగండి. తెలిసినంత చెబుతాను.”

ఆ మాట మాకు కొంచెము గుచ్చుకుంది. అయినా కూర్చున్నాము.

ఆయన ఒక కాగితము తీసి కొండ బొమ్మ గీశారు. దావీదు పట్టణము సన్నని కొండమీద ఉంది. తూర్పున కిద్రోను లోయ. ఆ లోయ ప్రక్కన, కొండ అడుగున, గీహోను అనే ఊట. పట్టణానికి నీళ్ళన్నీ దానినుండే. అయితే ఊట ఉన్నది పట్టణపు ప్రధాన గోడకు క్రింద, లోయవైపు. “మీ ఊరి మంచినీళ్ళ చెరువు ఊరి బయట ఉంటుంది చూడండి, అలాగు. శత్రువు వస్తే ముందు చెరువు గట్టుమీదే డేరాలు వేస్తాడు. వాడికి నీళ్ళు, మనకు దప్పిక” అన్నారు. రెండవ దినవృత్తాంతముల గ్రంథము 32వ అధ్యాయములో ప్రజలు ఊటలను కప్పివేసినప్పుడు చెప్పుకున్న మాట కూడ ఇదే. అష్షూరు రాజులు వచ్చి ఇంత నీటిని చూడనేల అని.

అందుచేత కొండ అడుగునుండి సొరంగము త్రవ్వి, ఊటనీటిని కొండకు ఆవలి ప్రక్కనున్న సిలోయము కొలనులోనికి మళ్ళించారు. ఆ సొరంగము నేటికీ ఉంది. పొడవు 533 మీటర్లు. కొన్నిచోట్ల రెండడుగుల వెడల్పు మాత్రమే. యాత్రికులు మోకాలిలోతు నీళ్ళలో దీపము పట్టుకొని ఈ చివరనుండి ఆ చివరకు నడుస్తారు. 1838లో ఎడ్వర్డ్ రాబిన్సన్ అనే అమెరికా పండితుడు తన మిత్రుడు ఈలై స్మిత్‌తో కలిసి కొంతదూరము నడిచి, కొంతదూరము ప్రాకి దానిని కొలిచాడు. గోడమీద ఉన్న వ్రాతను మాత్రము ఆయన చూడలేదు.

దానిని చూచినది ఒక పిల్లవాడు. 1880లో జేకబ్ ఎలియాహు అనే పదహారేండ్ల కుర్రవాడు సొరంగములోనికి దిగాడు. సిలోయము చివరికి దగ్గరలో గోడమీద అక్షరములున్నట్టు కనిపెట్టి తన గురువు కాన్రాడ్ షిక్‌తో చెప్పాడు. పండితులు వచ్చి, సున్నము పేరుకున్న ఆ రాతిని శుభ్రముచేసి చదివారు. ఈ కుర్రవానిని తరువాత పెంచుకున్న తండ్రి ఎవరో అయ్యగారు చెప్పినప్పుడు మాకు ఒళ్ళు జలదరించింది. 1873లో ఓడ మునిగి నలుగురు కుమార్తెలను పోగొట్టుకొని, ఆ దుఃఖములో ప్రపంచమంతా పాడుకొనే కీర్తన వ్రాసిన హొరేషియో స్పాఫర్డ్. ఆయన కుటుంబము 1881లో యెరూషలేములో స్థిరపడింది.

ఆ వ్రాత ఆరు వరుసలు. ఇప్పుడది ఇస్తాంబుల్ పురావస్తు ప్రదర్శనశాలలో ఉంది. ఆ రోజులలో యెరూషలేము తురుష్కుల ఏలుబడిలో ఉండేది. తరువాత ఎవరో దానిని రాతినుండి చెక్కి తీసి దొంగిలించబోగా పగిలింది, ముక్కలు మాత్రము చిక్కినవి.

“అందులో ఏమున్నదో చెప్పండి అయ్యగారూ. హిజ్కియా పేరుందా?”

ఆయన నవ్వారు. “లేదు.”

“దేవుని నామము?”

“అదీ లేదు. పనివారి సంగతి మాత్రమే ఉంది.”

రెండు జట్లు రెండువైపులనుండి త్రవ్వుకుంటూ వచ్చినవి. ఇంక మూడు మూరల రాయి మిగిలి ఉండగా ఒకరినొకరు పిలిచే గొంతు వినబడింది. త్రవ్వకము ముగిసిన దినమున ఎదురెదురుగా, గొడ్డలికి గొడ్డలి తగిలేటట్లు కొట్టారు. నీళ్ళు ఊటనుండి కొలనుకు 1,200 మూరలు పారినవి. త్రవ్వేవారి తలలమీద 100 మూరల ఎత్తు కొండ ఉంది. ఆ వ్రాతలో ఉన్నది ఇదే.

మేము ఇంటికి వచ్చి లెక్క కట్టాము. 533 మీటర్లను 1,200తో భాగిస్తే 44 సెంటీమీటర్ల పైచిలుకు. పూలు కొనేటప్పుడు మన ఆడవాళ్ళు మోచేతినుండి వేలి చివరకు కొలిచే మూర కూడ ఇంచుమించు అంతే.

అయ్యగారు ఇంకొక సంగతి చెప్పారు, ఇది ఎక్కువమంది బోధకులు చెప్పనిది. రాజుల గ్రంథము ఈ కాలువను హిజ్కియా ఘనకార్యములలో చేర్చింది. అదే కాలములో ఉన్న యెషయా మాత్రము 22వ అధ్యాయములో పట్టణస్థులను గద్దించాడు. మీరు నీళ్ళు కూర్చుకున్నారు, ప్రాకారము గట్టిచేయుటకు ఇండ్లు పడగొట్టారు, అయితే దీనిని నియమించినవానివైపు చూడలేదు అని. ఆ ఇండ్ల మాట ఉత్తది కాదని 1970లో తేలింది. నహ్మాన్ అవిగాద్ అనే శాస్త్రజ్ఞుడు యెరూషలేములో 7 మీటర్ల మందముగల గోడ పునాదిని బయటపెట్టాడు. ఆ కాలపు ఇండ్లను కూల్చి, వాటిమీదుగా ఆ గోడ కట్టారు. ప్రాజెక్టుల క్రింద ఇల్లు పోగొట్టుకున్న కుటుంబాలు మన సంఘములలోనూ ఉన్నవి. వారు యెషయా 22:10 చదివితే మనకంటె బాగా అర్థము చేసుకుంటారనిపించింది.

రెండవసారి మేము వెళ్ళినది ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో చరిత్ర బోధించే మేడమ్‌గారి దగ్గరకు. వారు హిందువులు. మా పని చెప్పగానే, “మీ గ్రంథం గురించి నేను చెబితే మీవాళ్ళు ఒప్పుకుంటారా?” అని అడిగారు. ఒప్పుకోకపోయినా వ్రాస్తామన్నాము.

ఆమె కథను అష్షూరు వైపునుండి మొదలుపెట్టారు. క్రీ.పూ. 701లో సన్హెరీబు దండెత్తి వచ్చాడు. దానిని గూర్చి అతడు తన రాజధానిలో మట్టిపలకలమీద వ్రాయించుకున్నాడు. వాటిలో ఆరు ముఖములు గల ఒక మట్టిస్తంభము, మూరకు కొంచెము తక్కువ ఎత్తుది, 1830లో నీనెవెలో దొరికి ఇప్పుడు లండనులోని బ్రిటిష్ మ్యూజియములో ఉంది. యూదాలో ప్రాకారములుగల 46 పట్టణములు పట్టుకున్నాననీ, 2,00,150 మందిని చెరపట్టాననీ, హిజ్కియాను పంజరములో పక్షిని మూసినట్లు యెరూషలేములో మూసివేశాననీ అందులో డంబముగా చెప్పుకున్నాడు.

“పట్టణం పట్టుకున్నానని మాత్రం చెప్పలేదు. గమనించారా?” అన్నారామె. “రాజుల శాసనాలు చదవడం నా వృత్తి. మన రాజులైనా, ఆ రాజులైనా ఓడిపోయామని రాతిమీద చెక్కించరు. చెప్పనిది ఏమిటో వెతకాలి. పట్టుకుని ఉంటే అదే మొదటి వరుసలో ఉండేది.”

కప్పము లెక్క కూడ ఆమె చూపించారు. బంగారము 30 తలాంతులని సన్హెరీబు చెబుతాడు. రెండవ రాజులు 18:14లోనూ 30 తలాంతులే. వెండి దగ్గర అతడు 800 అంటాడు, మన గ్రంథములో 300. మాకు కొంచెము ఇబ్బంది అనిపించి అడిగాము. ఆమెకు ఆ తేడాయే నచ్చిందట. “ఒకరిని చూచి ఒకరు రాసుకోలేదని తెలుస్తోంది కదండీ. అన్ని అంకెలూ ఒకటే అయితే నేను ఎక్కువ అనుమానించేదాన్ని.”

లాకీషు బొమ్మలు చూపించినప్పుడు మాత్రము మాటలు ఆగిపోయాయి. సన్హెరీబు తన నీనెవె నగరులో ఒక గది గోడలనిండ లాకీషు ముట్టడిని చెక్కించాడు. 1840ల చివర ఆస్టెన్ హెన్రీ లేయర్డ్ అనే ఆంగ్లేయుడు వాటిని త్రవ్వి తీశాడు. ఇవి కూడ లండనులోనే ఉన్నవి. ఆమె ఫోటోలు ఒక్కొక్కటే ఇచ్చారు. ముట్టడి దిబ్బ, దానిమీదికి ఎక్కే యంత్రములు, గోడమీదనుండి దివిటీలు విసిరేవారు. వీటిని చూస్తుండగా ఒక ఫోటో దగ్గర ఆగిపోయాము. ఎద్దుల బండి. దానిమీద మూటలు. మూటలమీద ఆడవాళ్ళు, పిల్లలు. ఎద్దుల ప్రక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. బండి ప్రక్కన ఇంటి మగవాడు నడుస్తున్నాడు. ఇంకొక బొమ్మలో కొయ్యలకు గుచ్చిన మనుష్యులున్నారు. దానిని చూచి మేము ముఖము త్రిప్పుకున్నాము. చెరలోనికి పోయిరి అనే ముక్క మనము బైబిలులో ఎన్నిసార్లు చదివి ఉంటాము! ఆ ముక్కలో ఒక ఎద్దులబండి ఉందని, దానిమీద తల్లి ప్రక్కన బిడ్డ కూర్చున్నదని ఎన్నడూ అనుకోలేదు.

లాకీషు ఉన్న దిబ్బను 1930లలో బ్రిటిషువారు, 1973నుండి డేవిడ్ ఉషిష్కిన్ నాయకత్వమున ఇశ్రాయేలు శాస్త్రజ్ఞులు త్రవ్వారు. గోడమీద చెక్కిన ఆ ముట్టడి దిబ్బ అక్కడ నిజముగానే ఉంది. వందలకొలది బాణపు మొనలు, ఒడిసెల రాళ్ళు దొరికినవి. రాజుకొరకు అని ముద్రవేసిన పెద్ద జాడీల పిడులు కూడ దొరికినవి. హిజ్కియా ముట్టడికి ముందే గింజలు, నూనె, ద్రాక్షారసము పట్టణములలో నిలువచేయించాడని ఆ జాడీలనుబట్టి అనుకుంటున్నారు.

లక్షా ఎనుబది అయిదు వేలమందిని యెహోవా దూత ఒక్క రాత్రిలో మొత్తిన సంగతి అడిగాము. ఆమె అది తన పరిధిలోనిది కాదన్నారు. తరువాత అదే ప్రశ్న అయ్యగారిని ఫోనులో అడిగితే ఆయన, “పలుగు, పార దూతను చూపించలేవు. లాకీషు పడింది, యెరూషలేము పడలేదు. ఇంతవరకు రెండు పక్షములూ ఒప్పుకున్నవి. ఎందుకు పడలేదన్నది నేను విశ్వాసముతో చదువుతాను. ఆ రెంటినీ కలిపేయకండి” అన్నారు. సన్హెరీబును అతని కుమారులే చంపారని రెండవ రాజులు 19వ అధ్యాయములో ఉంది. బబులోను చరిత్ర పలకలలో కూడ కొడుకు చేతిలో చచ్చాడని ఉంది. అది క్రీ.పూ. 681లో. అంటే దండయాత్రకు ఇరువది ఏండ్ల తరువాత. మనము వచనము వెంట వచనము చదువుతూ అది మరుసటి వారమే జరిగిందనుకుంటాము.

లేచేముందు మేడమ్‌గారు ఒక మాట చెప్పారు. తెలుగుభాషలో మనకు దొరికిన తొలి శాసనములలో కడప జిల్లా కలమళ్ళ శాసనము క్రీ.శ. 575 ప్రాంతముది. సిలోయము సొరంగములోని వ్రాత దానికంటె 1,200 ఏండ్లకు పైగా పాతది. “అంత పాతకాలంలో పనివాళ్ళు తమ సంగతి రాసుకున్నారు, రాజు పేరు లేకుండా. నాకైతే అదే ఆశ్చర్యం.”

ఇక మూడవవారు. ఈయనను మేము ముందు అనుకోలేదు. ఉత్తరము వ్రాసిన అబ్బాయి సెలవులకు ఊరికి వచ్చాడని తెలిసి చూడబోయాము. మా నోటుబుక్కులోని సంగతులు చెబుతుంటే ప్రక్క అరుగుమీద కూర్చున్న తాత ఒకరు బీడీ ఆర్పి దగ్గరకు వచ్చారు. నలుబది ఏండ్లు బావులు త్రవ్విన మనిషి. చదువు లేదు. ఆ ఊరిలోనూ చుట్టుప్రక్కలా ఆయన చేయి పడని బావి లేదట.

“ఏ రాయి బాబూ అది?” అని అడిగారు.

“సున్నపురాయి తాతా.”

“మన రాయే గదా!”

అవును మరి. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు ఎరుగనివారెవరు! సున్నపురాతిలో నీరు తన దారి తాను చేసుకుంటుందనీ, ఒక్కొక్కచోట చేయి పట్టేంత బొరియలు ఉంటాయనీ తాత చెప్పారు. గీహోనులో జరిగినది అదేనని, త్రవ్వేవారు కొంతదూరము అట్టి సహజమైన నీటిదారినే అనుసరించి ఉంటారని భూగర్భ శాస్త్రజ్ఞులలో కొందరు వాదించారు. అందరూ ఒప్పుకోలేదు.

“రెండువైపులనుంచి త్రవ్వితే చీకట్లో ఎలా కలుసుకున్నారు తాతా? సొరంగము తిన్నగా లేదు. పాములా వంకర తిరిగింది. తిన్నగా అయితే 320 మీటర్లతో పోయేది.”

ఆయన ఆలోచించను కూడ లేదు. “పైన ఒకడు ఉండి ఉంటాడయ్యా. పైన బండమీద సమ్మెటతో కొడితే కింద వాడికి వినబడుద్ది. ఎటు వినబడితే అటు తిరుగుతాడు. మేము పక్కబావికి దారి తీసినప్పుడు అట్నే చేశాం.”

మేము, ఆ అబ్బాయి ఒకరి ముఖము ఒకరు చూచుకున్నాము. ఆర్యే షిమ్రోన్, ఆమోస్ ఫ్రుమ్కిన్ అనే శాస్త్రజ్ఞులు ఈ సొరంగమును ఏండ్ల తరబడి పరీక్షించి 2011లో ప్రచురించిన అభిప్రాయము ఇదే. పైన కొట్టే సమ్మెట శబ్దమే లోపలివారికి దారి చూపిందని. అబ్బాయి వెంటనే ఫోనులో తీసి తాతకు చదివి వినిపించాడు. తాత పెద్దగా పట్టించుకోలేదు.

ఆయనను పట్టుకున్నది వేరొక సంగతి. “ఎన్ని మూరలు మిగిలినప్పుడు గొంతు వినబడిందన్నారు?”

“మూడు.”

“మూడు మూరలంటే నాలుగున్నర అడుగులు. సమ్మెట దెబ్బ అయితే వినబడుద్ది. మనిషి గొంతు వినబడదు. ఆడ రాయి చీలి ఉండాల.”

మా నోటుబుక్కులో అయ్యగారు చెప్పిన ఒక చిన్న మాట ఉంది. అప్పుడు దానిని పెద్దగా లెక్కచేయలేదు. ఆ శాసనములో గొంతు వినబడిన కారణము చెబుతూ ఒక హెబ్రీ మాట వాడారు. ఆ మాట బైబిలు మొత్తములో మరెక్కడా లేదు. అర్థము తేలక పండితులు వాదించుకున్నారు. రాతిలోని చీలిక అని ఎక్కువమంది తలంపు. మేము ఆ వరుస చదివాము. తాత, “అదీ” అని తల ఊపి మళ్ళీ బీడీ వెలిగించారు.

తరువాత ఆయనే మమ్మును ప్రశ్నలు అడిగారు. లోపల దీపము దేనితో వెలిగించారు? దీపము ఆరితే గాలి లేదన్నమాట, వెంటనే బయటికి రావాలి, వాళ్ళకు ఆ సంగతి తెలుసునా? ముక్కలు తట్టలతో మోశారా? వాలు ఎంత పెట్టారు? ఈ చివరనుండి ఆ చివరకు ఒక అడుగు వాలు మాత్రమే అని చెప్పినప్పుడు ఆయన నమ్మలేదు. “అర కిలోమీటరుకు అడుగా? నీళ్ళు పెట్టి చూసుకోకుండా ఎవడివల్లా కాదు” అన్నారు. రోజుకు ఎంత త్రవ్వగలరని మేము అడిగాము. రెండడుగుల వెడల్పులో ఒక్కడే కొట్టగలడు, రాత్రింబగళ్ళు వంతులు వేసుకున్నా జానెడు అన్నారు. ప్రక్కన కూర్చున్న అబ్బాయి లెక్క కట్టాడు. ఇటు జానెడు, అటు జానెడు అయితే మూడేండ్లకు పైమాటే.

ఆ లెక్కతో మాకు ఒకటి తట్టింది. శత్రువు గుమ్మములో నిలిచిన తరువాత మొదలుపెట్టే పని కాదిది. అష్షూరు ఇంకా దూరముగా ఉన్నప్పుడే, పొలాలు పచ్చగా ఉన్నప్పుడే, ఎందుకీ వృథా శ్రమ అని కొందరు నవ్వుతుండగానే మొదలై ఉండాలి. సొరంగపు గచ్చులో చిక్కిన మొక్కల అవశేషములను, పైనుండి వ్రేలాడే సున్నపు ధారలను పరీక్షించి 2003లో దాని వయస్సు క్రీ.పూ. 700 ప్రాంతమని తేల్చారు. త్రవ్వకములు జరిపిన రోనీ రైక్, ఈలై షుక్రోన్ మాత్రము ఇంకా కొంత ముందే, హిజ్కియాకు పూర్వపు రాజుల కాలములో, త్రవ్వారంటారు. ఎక్కువమంది హిజ్కియా పక్షమే. ఈ భేదాభిప్రాయమును మేము దాచలేదు, ఆ అబ్బాయికి ఉన్నదున్నట్లు చెప్పాము. హిజ్కియా అసలు ఉన్నాడా అన్నదానిమీద మాత్రము ఇప్పుడు తగవు లేదు. యూదా రాజైన ఆహాజు కుమారుడు హిజ్కియా అని అక్షరములున్న మట్టిముద్ర, చిటికెనవ్రేలి గోరంతది, దేవాలయపు కొండకు దక్షిణమున దొరికిందని 2015లో ప్రకటించారు.

మేము లేచేటప్పుడు అబ్బాయి ఒక మాటన్నాడు. “ఇదే ముందు చెప్పి ఉండవచ్చు గదండీ. చక్రాలెందుకు?”

జవాబు లేకపోయింది. అతడు ఇంకా యౌవనస్థుల కూటమునకు రావడము లేదు. రమ్మని మేము బలవంతపెట్టలేదు.

కాబట్టి పాఠకులకు, ముఖ్యముగా సండే స్కూలు ఉపాధ్యాయులకు మనవి. ఎర్రసముద్రపు రథచక్రములను గూర్చి ఈ పత్రిక వేసిన వ్యాసమును దయచేసి ఇక పిల్లలకు చెప్పవద్దు. పాఠముల ఫైలులో ఉంటే తీసివేయండి. నోవహు ఓడ దొరికిందని, ఇంకేదో దొరికిందని కరపత్రములు వస్తే, అది ఇప్పుడు ఏ ఊరి ప్రదర్శనశాలలో ఉంది, ఎవరు త్రవ్వారు, ఏ సంవత్సరము అని మూడు ప్రశ్నలు అడగండి. జవాబు లేకపోతే బల్లమీదనుండి చదువవద్దు. మేము కూడ వేయము. మీ దగ్గరలో చరిత్ర చెప్పే మాస్టారు, రాతి పని చేసే పెద్దలు, విత్తనాలు దాచే అవ్వలు ఉంటే రాజుల గ్రంథము చదివే వారమున వారిని పిలిపించండి. విశ్వాసి కాకపోయినా ఫరవాలేదు.

ఆ ఊరి సంఘములో అట్లే చేశారు. పాస్టరుగారు తాతను సండే స్కూలుకు పిలిచారు. చర్చి గోడ నాపరాతి కట్టుబడి, మూరెడు మందము. పిల్లలలో సగమందిని లోపల, సగమందిని బయట నిలబెట్టి, ఒక్కొక్క గులకరాయి చేతికిచ్చారు. బయటివారు ఎక్కడ కొడుతున్నారో లోపలివారు చెవి ఆనించి కనిపెట్టాలి. మొదట్లో ఒక్కరూ సరిగా చెప్పలేదు. తాత అందరినీ ఊపిరి బిగబట్టమన్నారు. అప్పుడు కనిపెట్టారు.

గోడకు చెవి ఆనించి ఉన్న చిన్నపిల్ల ఒకతె అడిగింది. “తాతా, ఆ కొండలో వాళ్ళకు భయం వెయ్యలేదా?”

“వేసే ఉంటది తల్లీ. అందుకే అవతలోడి దెబ్బ వినబడగానే కేక పెట్టారు.”

ఆరాధన మొదలైన తరువాత కూడ బయటి పిల్లలు మానలేదు. పాస్టరుగారు ఆశీర్వాదము చెప్పేవరకు గోడ టకటకలాడుతూనే ఉంది.